కెడిల్‌స్టన్ హాల్‌కి వెళ్తున్నారా? ముందు చర్చిలోకి వెళ్లండి

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. లండన్, స్టోన్‌హెంజ్, విండ్సర్ కోట, ఓపికుంటే ఎడిన్‌బరా దాకా. డర్బీ ఊరికి ఐదు మైళ్ల దూరంలో ఉన్న కెడిల్‌స్టన్ హాల్ పేరు ఆ లిస్టులో కనపడదు, నాకైతే అదే పెద్ద లోటనిపిస్తుంది. ఎందుకంటే అది మన దేశాన్ని 1899 నుంచి 1905 దాకా ఏలిన వైస్రాయ్ లార్డ్ కర్జన్ పుట్టిన ఇల్లు. ఇంటి పక్కన చిన్న పాత చర్చి, అందులో ఆయన సమాధి, చుట్టూ తోటలు, చెరువులు, గొర్రెలు మేసే 800 ఎకరాల మైదానం. ఇంటి లోపల మన దేశం నుంచి వెళ్లిన వస్తువులతో నిండిన మ్యూజియం. చాలామంది చెరువు దగ్గర నాలుగు ఫోటోలు, మెట్ల దగ్గర నాలుగు ఫోటోలు దిగి, లోపల గబగబా ఒక రౌండ్ వేసి, కేఫ్‌లో టీ తాగి వచ్చేస్తారు. అలా కాకుండా రోజంతా ఎలా గడపాలో, ఏది ముందు చూడాలో, ఎక్కడ ఆగాలో చెప్తాను.

ముందు ఈ ఇల్లు ఎవరిదో రెండు ముక్కల్లో. కర్జన్ కుటుంబం 700 ఏళ్లకు పైగా ఇక్కడే ఉంది. ఇప్పుడున్న భవనం 1759లో మొదలుపెట్టారు. కట్టించింది సర్ నథానియల్ కర్జన్, తర్వాత ఆయనే మొదటి లార్డ్ స్కార్స్‌డేల్ అయ్యాడు. మాథ్యూ బ్రెటింగ్‌హామ్, జేమ్స్ పెయిన్ అనే ఇద్దరు పని మొదలుపెడితే, పార్కులో చిన్న చిన్న కట్టడాలకని పిలిచిన రాబర్ట్ ఆడమ్ అనే కుర్ర ఆర్కిటెక్ట్ చివరికి మొత్తం పని తన చేతిలోకి తీసుకున్నాడు. 1987లో ఇల్లు నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది, పాత ఇళ్లనీ తోటల్నీ కాపాడే సంస్థ అది. అప్పట్నుంచి గదులు, తెరలు, చిత్రాలు, తోటలోని కట్టడాలు ఒక్కొక్కటిగా బాగుచేస్తూనే ఉన్నారు, కాబట్టి మీరు వెళ్లిన రోజు ఏదో ఒక మూల పరంజా కట్టి ఉన్నా ఆశ్చర్యపోకండి. కర్జన్ వంశం వాళ్లు ఇప్పటికీ ఒక పక్క భాగంలో కాపురం ఉంటున్నారు, అటువైపు మనల్ని వెళ్లనివ్వరు.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం, పార్కు తెరిచి ఉండడం వేరు, ఇల్లు తెరిచి ఉండడం వేరు. పార్కు, తోటలు దాదాపు ఏడాది పొడుగునా చూడొచ్చు కానీ ఇంటి లోపలి గదులు చలికాలంలో మూసేస్తారు, మిగతా నెలల్లో కూడా వారంలో కొన్ని రోజులు తెరవరు. చర్చి సంగతి ఇంకా వేరు, దాన్ని చూసుకునేది నేషనల్ ట్రస్ట్ కాదు, చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ అనే మరో సంస్థ. అందుకని బయల్దేరే ముందురోజు రెండు సంస్థల వెబ్‌సైట్లూ చూడండి. ఇల్లు, చర్చి, మ్యూజియం మూడూ తెరిచి ఉండే రోజే వెళ్లండి. ఇందులో ఒక్కటి మూసి ఉన్నా నేను చెప్పే వరస కుదరదు.

ఇంటికి టికెట్ ఉంటుంది, నేషనల్ ట్రస్ట్ సభ్యులకు ఉచితం, సభ్యులైతే కారు పార్కింగ్ కూడా ఉచితమే. ఏడాదిలో ఇలాంటివి మూడు నాలుగు చూసే ఉద్దేశం ఉంటే ఫ్యామిలీ మెంబర్‌షిప్ తీసుకోవడమే లాభం, ఊరికే ఒకసారి చూడాలనుకుంటే టికెట్ చాలు. చర్చికి టికెట్ లేదు, లోపల విరాళాల పెట్టె ఉంటుంది, ఎంతో కొంత వేయండి. అంత పాత కట్టడం పైకప్పు కారకుండా నిలబడేది ఆ డబ్బుతోనే.

లండన్ నుంచి అయితే సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంటన్నరలో డర్బీ. అక్కణ్నుంచి బస్సుల మీద నమ్మకం పెట్టుకోకండి, చాలా తక్కువ. టాక్సీ మాట్లాడుకుని, వచ్చేటప్పటికి కూడా అదే టాక్సీకి టైము చెప్పి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు, పార్కు లోపల ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు మరి. కారులో వెళ్లేవాళ్లు పోస్ట్‌కోడ్ డీఈ22 5జేహెచ్ కొట్టండి.

చెప్పుల విషయం పెద్దవాళ్లకి ముందే చెప్పండి. మామూలుగా మనవాళ్లు చీర కట్టుకుని, పల్చటి చెప్పులేసుకుని బయల్దేరతారు, కానీ ఇక్కడ గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, గొర్రెల పెంట కూడా ఉంటుంది. గట్టి షూ, ఒక స్వెటర్, వాన కోటు పెట్టుకోండి, జూన్ అయినా సరే. సన్నటి హీల్స్ వేసుకుంటే ఇంటి లోపలి పాత చెక్క నేలలు గుంటలు పడతాయని అభ్యంతరం చెప్తారు. తిండి మీరు తీసుకెళ్లొచ్చు, పార్కులో దుప్పటి పరుచుకుని పులిహోర, పెరుగన్నం తినడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. లోపలికి మాత్రం తిండి, నీళ్ల సీసా తీయనివ్వరు. కేఫ్‌లో శాకాహారం దొరుకుతుంది కానీ కేకుల్లో కోడిగుడ్డు ఉంటుంది, తిననివాళ్లు అడిగి తీసుకోండి.

గేటు దాటాక

గేటు దాటగానే రోడ్డు చెట్ల మధ్యనుంచి వంపు తిరిగి ఒక రాతి వంతెన మీదికి వస్తుంది. మూడు ఆర్చీల వంతెన, పక్కన నీళ్లు మెట్లు మెట్లుగా దూకుతుంటాయి, చెరువు అటు చివర దాకా పరుచుకుని ఉంటుంది, ఎదురుగా గుట్ట మీద ఇల్లు. ఇదంతా సహజంగా అలా ఉందనుకుంటాం. నిజానికి వాగుకి అడ్డుకట్ట వేసి చెరువులు చేశారు, వంతెన ఆడమ్ గీసి ఇచ్చినది, ఇంటినుంచి చూస్తే బాగుండాలని చెట్లు కూడా లెక్కచూసి నాటారు. ఇంకో విషయం, ఈ మైదానంలో ఒకప్పుడు ఊరు ఉండేది. కెడిల్‌స్టన్ అనే ఊరే. కొత్త ఇంటి ముందు గుడిసెలు కనపడకూడదని ఊరుని అక్కణ్నుంచి ఎత్తేసి దూరంగా కట్టించారు, రోడ్డుని కూడా మళ్లించారు. ఆ ఊరిలో మిగిలింది చర్చి ఒక్కటే. ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్న మనవాళ్లు, శ్రీశైలం ముంపు గురించి ఇంట్లో విన్నవాళ్లు, ఆ గడ్డి మీద నిలబడి ఈ సంగతి ఒకసారి తలచుకుంటే ఆ అందం వేరేగా కనిపిస్తుంది.

అందుకే ముందు చర్చిలోకి వెళ్లమంటున్నాను. ఇల్లు చూసి అలిసిపోయాక చర్చి దగ్గరికొస్తే "ఇదీ ఒక చర్చే కదా" అని బయటినుంచే చూసి వెళ్లిపోతారు. ఇంటికంటే ఐదారు వందల ఏళ్లు పాతది అది.

ఆల్ సెయింట్స్ చర్చి

ఇంటి పక్కనే, దాదాపు గోడకు ఆనుకున్నట్టు ఉంటుంది. దక్షిణం వైపు ద్వారం నార్మన్ల కాలం నాటిది, 12వ శతాబ్దం. తొందరపడి లోపలికి వెళ్లిపోకుండా ఆ గుండ్రటి ఆర్చీ మీది చెక్కడాన్ని చూడండి, ఎండకీ వానకీ అరిగి మెత్తబడిపోయి, వేళ్లతో తడిమితే తెలిసేలా ఉంటుంది (తడమకండి, చూడడమే). మిగతా చర్చి చాలావరకు 13వ శతాబ్దానిది. ఇప్పుడు అక్కడ ప్రతి ఆదివారం ప్రార్థన జరగదు కానీ అది ఇంకా పవిత్ర స్థలమే. చెప్పులు విప్పక్కర్లేదు, మగవాళ్లు టోపీ తీస్తే మర్యాద, మెల్లగా మాట్లాడితే చాలు.

లోపల ఎటు చూసినా కర్జన్లే. ఒక్కో తరం వాళ్లు గోడల్లో, నేలలో, ఆర్చీల కింద పడుకుని ఉంటారు. కవచం వేసుకున్న యోధుల రాతి బొమ్మలు, పక్కనే వాళ్ల భార్యలు, కాళ్ల దగ్గర జంతువులు. బలిపీఠం ఉండే తూర్పు భాగంలో నేలకేసి చూడండి, చెక్క మూతలు కనిపిస్తాయి. వాటి కింద, నేలమట్టానికి దిగువన, రాతిలో చెక్కిన ఒక యోధుడి తల, ఒక స్త్రీ తల ఉన్నాయి. మనంతట మనం మూత ఎత్తకుండా అక్కడున్న వలంటీరుని అడగండి. ఆ ముఖాల్లో ముక్కూ కళ్లూ ఇంకా తెలుస్తూనే ఉంటాయి. పిల్లలు దీన్ని ఇంటిలోని బంగారు పూత కంటే ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు.

ఇక ఉత్తరం వైపు. ఇక్కడ చర్చి రంగే మారిపోతుంది. లార్డ్ కర్జన్ తన భార్య మేరీ కోసం 1907 నుంచి 1913 దాకా కట్టించిన స్మారక మందిరం అది. మేరీ లీటర్ అమెరికన్, షికాగోలో బాగా డబ్బు గడించిన వ్యాపారి కూతురు, 1895లో కర్జన్‌ని పెళ్లి చేసుకుంది. భారతదేశంలో ఆరోగ్యం పాడై, తిరిగొచ్చిన కొద్దికాలానికే 1906లో 36 ఏళ్లకే చనిపోయింది. జి.ఎఫ్. బాడ్లీ అనే ఆర్కిటెక్ట్ మందిరం గీశాడు. మధ్యలో తెల్లటి పాలరాతి సమాధి, చెక్కింది బెర్ట్రమ్ మెకెనల్ అనే శిల్పి. మేరీ, కర్జన్ పక్కపక్కన పడుకుని ఉంటారు, పైనుంచి దేవదూతలు వంగి చూస్తుంటారు. నేలంతా పచ్చటి స్ఫటికపు రాయి, కిటికీలోంచి ఎండ పడినప్పుడు ఆ పచ్చదనం తెల్లటి పాలరాతి అంచులకి కొద్దిగా అంటుకుంటుంది. మబ్బుగా ఉంటే పది నిమిషాలు బెంచీ మీద కూర్చోండి, డర్బీషైర్‌లో మబ్బులు కదులుతూనే ఉంటాయి.

భార్య పోయిన దుఃఖంతో కట్టడం కట్టించిన మనిషి, అదే మనిషి వైస్రాయ్‌గా ఉండగా ఆగ్రాలో తాజ్‌మహల్‌ని, దాని తోటల్ని శ్రద్ధగా బాగుచేయించాడు. 1904లో పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చింది ఆయనే, జాన్ మార్షల్‌ని పురావస్తు శాఖకి అధిపతిగా తెచ్చిందీ ఆయన హయాంలోనే. ఆ మేలు మేలే. మరుసటి ఏడాదే బెంగాల్‌ని రెండు ముక్కలు చేసింది కూడా ఆయనే. ఈ రెండూ కలిపి మనసులో పెట్టుకుని చర్చిలోంచి బయటికి రండి, ఇంట్లో చూసేవన్నీ దానికి కొనసాగింపే.

ఇల్లు

బయటినుంచి ముందు ఉత్తరం వైపు ముఖం చూడండి. మధ్యలో పెద్ద దిమ్మె, దానికి అటూ ఇటూ వంపు తిరిగిన నడవాలు, వాటి చివర ఒక్కో చిన్న భవనం. అసలు ప్లానులో ఇలాంటి చిన్న భవనాలు నాలుగు, వెనకవైపు రెండు కట్టనే లేదు. అది నాలుగు రెక్కలతో పూర్తిగా కట్టినట్టు చూడాలంటే కోల్‌కతా వెళ్లాలి. అక్కడి పాత గవర్నమెంట్ హౌస్‌ని, ఇప్పటి గవర్నరు గారి నివాసాన్ని, 1799 - 1803 మధ్య అప్పటి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఈ కెడిల్‌స్టన్ నమూనా మీదే కట్టించాడు. ఆ తర్వాత దాదాపు నూరేళ్లకి కెడిల్‌స్టన్‌లో పుట్టిన కర్జన్ వైస్రాయ్‌గా వెళ్లి, తన ఇంటిలాంటి ఇంట్లోనే దిగాడు. హైదరాబాద్ వాళ్లకి ఇంకో దగ్గర చుట్టం కూడా ఉంది. అదే వెల్లెస్లీ కాలంలో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ, అదే మన కోఠి ఉమెన్స్ కాలేజీ పాత భవనం. ఎత్తైన మెట్లు, వరుసగా కొరింథియన్ స్తంభాలు, వెనక పెద్ద హాలు, ఈ ఇంటి ముందు నిలబడితే కోఠి గుర్తుకు రాక మానదు.

తర్వాత వెనక్కి, దక్షిణం వైపు నడవండి. ఆ ముఖం పూర్తిగా ఆడమ్‌ది, రోమ్‌లోని కాన్‌స్టంటైన్ విజయ తోరణాన్ని తీసుకొచ్చి ఇంటికి అతికించినట్టు ఉంటుంది. ఫోటో తీసుకోవాలంటే అటు వైపే బాగుంటుంది, జనం తక్కువ.

లోపల నియమాలు కొన్ని ఉన్నాయి. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు. పెద్ద బ్యాగులు, పిల్లల బండి కింద వదిలేయమంటారు. ఏదీ ముట్టుకోకూడదు, కూర్చోమని చెప్పిన కుర్చీల్లోనే కూర్చోవాలి. కూర్చోకూడని కుర్చీల మీద ఎండిన ముళ్లకాయలో, పైన్ కాయలో పెట్టి ఉంచడం నేషనల్ ట్రస్ట్ ఇళ్లలో అలవాటు, బోర్డు లేకుండానే సంగతి అర్థమైపోతుంది. కొన్ని గదులు చీకటిగా ఉన్నాయని విసుక్కోకండి, పట్టుబట్టలూ రంగులూ వెలుతురికి పాడైపోతాయని పరదాలు దించి ఉంచుతారు. గుమ్మం దగ్గరే ఒక నిమిషం నిలబడితే కళ్లు అలవాటు పడతాయి.

మార్బుల్ హాల్‌లో మాత్రం తొందర పడొద్దు. 25 అడుగుల ఎత్తున్న 20 అలబాస్టర్ స్తంభాలు, పక్కల కిటికీలు లేవు, వెలుతురంతా పైకప్పు అద్దాల్లోంచే దిగుతుంది. పేరుకి మార్బుల్ అన్నా స్తంభాలు పాలరాయి కావు, దగ్గర్లో దొరికే మెత్తటి అలబాస్టర్. దగ్గరికెళ్లి చూస్తే లేత గులాబీ, గోధుమ రంగు చారలు, ఏ రెండు స్తంభాలూ ఒకేలా ఉండవు. మెత్తటి రాయి కాబట్టి చేతి చెమట కూడా దానికి హాని, పిల్లల్ని పట్టుకోండి. దాని వెనకే సెలూన్, అంటే అతిథుల కోసం కట్టిన పెద్ద గది. రోమ్ పాంథియన్‌లాగా గుండ్రటి గది, గోపురం దాకా 62 అడుగుల ఎత్తు. గోడ గూళ్లలో బలిపీఠాల మీద కలశాల్లాంటివి కనిపిస్తాయి, అవి అలంకారమే అనుకుని వెళ్లిపోతారు. అవి ఇనప పొయ్యిలు, అంత పెద్ద గదిని వెచ్చబెట్టడానికి అలా మారువేషంలో పెట్టారు.

మిగతా గదులు మీ ఓపికని బట్టి. డ్రాయింగ్ రూమ్‌లో సోఫాలని కచ్చితంగా చూడండి, కాళ్ల దగ్గర బంగారు పూత పూసిన మత్స్యకన్యలు సోఫాని మోస్తున్నట్టు ఉంటాయి, చేసినవాడు జాన్ లిన్నెల్. పడకగదిలో మంచం కోళ్లు ఖర్జూర చెట్ల మానుల్లా చెక్కి ఉంటాయి. లైబ్రరీ, మ్యూజిక్ రూమ్ నేనైతే త్వరగా దాటేస్తాను, చిత్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లు అక్కడ గంట గడపొచ్చు.

మిసెస్ గార్నెట్ చిత్రం ఎక్కడుందో మాత్రం అడిగి చూడండి. ఆవిడ 18వ శతాబ్దంలో ఈ ఇంటి హౌస్‌కీపర్, వచ్చిన అతిథులకి గదులు తిప్పి చూపించేది. చేతిలో ఇంటి వస్తువుల జాబితా పుస్తకం పట్టుకుని, ఇప్పుడే మొదలుపెడదామా అన్నట్టు చూస్తుంటుంది. ఈ ఇల్లు మొదట్నుంచీ నలుగురికి చూపించుకోవడానికే కట్టారు. 1777లో శామ్యూల్ జాన్సన్ అనే ప్రసిద్ధ ఇంగ్లీషు రచయిత వచ్చి చూసి, ఇది టౌన్‌హాల్‌కి బాగా పనికొస్తుందన్నాడు. అంత పెద్ద యజమానుల మధ్య, పనిచేసిన మనిషికి ఒక చిత్రపటం ఉండడం నాకు చాలా నచ్చుతుంది.

ప్రతి గదిలో వలంటీర్లు కూర్చుని ఉంటారు, ఎక్కువగా రిటైరైనవాళ్లు. మనవాళ్లు మొహమాటపడి నవ్వి ముందుకెళ్లిపోతారు. అడగండి. "మేం ఇండియా నుంచి, కర్జన్ గురించి స్కూల్లో చదువుకున్నాం" అంటే చాలు, వాళ్లకి తెలిసినవన్నీ చెప్తారు, మీరు చెప్పేది కూడా ఆసక్తిగా వింటారు.

ఈస్టర్న్ మ్యూజియం

దీనికి కనీసం గంట ఉంచుకోండి. కర్జన్ 1925లో చనిపోయాడు, ఆయన అనుకున్న పద్ధతిలోనే 1927లో ఇక్కడ మ్యూజియం తెరిచారు. ఆసియా ప్రయాణాల్లో, వైస్రాయ్‌గా ఉన్నప్పుడు కొన్నవి, బహుమతిగా వచ్చినవి ఇక్కడున్నాయి. దంతం పనులు, వెండి సామాను, ఆయుధాలు, బట్టలు. ప్రతి వస్తువు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది కొన్నదా, ఇచ్చినదా, ఇవ్వక తప్పక ఇచ్చినదా? వైస్రాయ్ ఊరికి వస్తే కానుక ఇవ్వకుండా ఉండగలిగే సంస్థానాధీశుడు ఎవరు? నేషనల్ ట్రస్ట్ 2020లో తన ఆస్తులకి వలసపాలనతో ఉన్న సంబంధాల మీద ఒక నివేదిక తెచ్చింది, అందులో ఈ ఇల్లు కూడా ఉంది. కాబట్టి ఆ ప్రశ్న అడిగితే అక్కడ ఎవరూ నొచ్చుకోరు.

ఇక ఆ డ్రెస్సు. దీన్ని చూడ్డానికే డర్బీ దాకా వెళ్లినా తప్పులేదు. 1903 జనవరిలో ఢిల్లీ దర్బారు సందర్భంగా జరిగిన బాల్ డాన్సులో మేరీ కర్జన్ వేసుకున్న నెమలి గౌను. బట్ట మీద జర్దోసీ పని మన దేశంలో చేయించి, ప్యారిస్‌లో వర్త్ అనే ప్రసిద్ధ దర్జీ సంస్థలో కుట్టించారు. గౌనంతా ఒకదాని మీద ఒకటి పరిచిన నెమలి ఈకలు, బంగారు, వెండి తీగతో. బరువు సుమారు నాలుగున్నర కిలోలు. పెళ్లికి మగ్గం వర్క్ జాకెట్టు కుట్టించుకున్న ఆడవాళ్లకి అది చూడగానే తెలిసిపోతుంది అందులో ఎన్ని చేతుల పని ఉందో. అద్దానికి దగ్గరగా వెళ్లి ఒక్క ఈకని మాత్రమే చూడండి. కన్ను ఉండాల్సిన చోట నీలం, ఆకుపచ్చ కలిసి మెరిసేది రాయి కాదు, పూస కాదు, పురుగు రెక్క. చిన్నప్పుడు తుమ్మచెట్ల మీద పట్టుకుని అగ్గిపెట్టెలో దాచుకున్న బంగారు పురుగు రెక్కలుంటాయే, ఆ జాతివే. తీగల మెరుపు ఇన్నేళ్లకి కొంత నల్లబడింది, ఆ రెక్కలు మాత్రం ఇప్పటికీ మెరుస్తూనే ఉన్నాయి. మా ఇంటి పెద్దావిడ అక్కడ ఆగి, "కుట్టినోళ్ల పేర్లు రాయలేదేం?" అంది. ఆ ప్రశ్న మీరూ అడగండి.

అదే దర్బారు ముందు 1899 - 1900లో దేశంలో పెద్ద కరువు. దర్బారుకి ముందు ఏడాది, 1902లో, కర్జన్ హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌తో మాట్లాడి, బేరార్ ప్రాంతాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయల చొప్పున శాశ్వత కౌలుకి తీసుకున్నాడు. శాశ్వత కౌలంటే ఇక తిరిగి రాదనే. 1905లో బెంగాల్ విభజన జరిగితే ఆ మంట మనదాకా వచ్చింది. 1907లో బిపిన్ చంద్ర పాల్ కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, రాజమండ్రిలో వందేమాతరం అన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుని ట్రెయినింగ్ కాలేజీ నుంచి తీసేశారు. పిల్లలతో వెళ్తే ఈ రెండు మూడు సంగతులు కారులోనే చెప్పి తీసుకెళ్లండి. అక్కడి బోర్డుల మీద రాజమండ్రి పేరు కనపడదు, అది మనమే చెప్పుకోవాలి.

తోటలు

లోపలినుంచి బయటికొచ్చేసరికి బుర్ర బరువెక్కి ఉంటుంది, అందుకే తోట చివరికి పెట్టుకోమంటున్నాను. ఇంటికి దక్షిణంగా ఉండే తోటల్లో మేలో, జూన్ మొదట్లో రోడోడెండ్రాన్‌లు విరగబూస్తాయి. గుబురు గుబురుగా ఊదా, గులాబీ, ఎరుపు. చిన్న ఆరుకోణాల వేసవి మండపం ఉంటుంది, కూర్చోడానికి బాగుంటుంది. తోటకీ గొర్రెల మైదానానికీ మధ్య కంచె కనిపించదు, ఆశ్చర్యమేస్తుంది. కిందికి తవ్విన కందకం, దానికి ఒక వైపు రాతి గోడ, ఇంటినుంచి చూస్తే గడ్డి ఒకే పరుపులా కనిపిస్తుంది కానీ గొర్రె మాత్రం ఇటు రాలేదు. చిన్నపిల్లలు ఆ అంచు చూడకుండా పరుగెత్తుతారు, జాగ్రత్త.

నడవగలిగినవాళ్లు లాంగ్ వాక్ వేయండి. సర్ నథానియల్ కాలంలో వేసిన దారి, చుట్టూ తిరిగొస్తే సుమారు మూడు మైళ్లు, దారిలో పాత కుటీరం ఒకటి ఉంటుంది, సన్యాసి ఉన్నట్టుగా సరదాకి కట్టించినది, పాడుబడితే మళ్లీ బాగుచేశారు. పెద్దవాళ్లు వద్దంటే వాళ్లని చెరువు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి మీరు వెళ్లిరండి. చెరువు గట్టున ఫిషింగ్ పెవిలియన్ అని ఆడమ్ కట్టిన చిన్న భవనం ఉంది, కింద చన్నీళ్ల స్నానానికి తొట్టి, పక్కన పడవలకి చోటు, పైన గది. ఆ గది కిటికీలోంచే ఇంటి ఆడవాళ్లు ఎండ తగలకుండా గాలం వేసేవాళ్లట. లోపలికి అన్ని రోజులూ వెళ్లనివ్వరు, బయటినుంచి చూసినా సరిపోతుంది.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే ఒకటి తెలుసుకోండి, గొప్ప గదులన్నీ పై అంతస్తులో ఉన్నాయి, కింద సీజర్స్ హాల్ నుంచి మెట్లెక్కాలి. మెట్లు కష్టమనుకుంటే ముందురోజే ఫోన్ చేసి అడగండి, వచ్చాక గుమ్మం దగ్గర చెప్పడం కంటే అది నయం. కారు పార్కింగ్ నుంచి ఇంటి దాకా కూడా కొంత నడక ఉంటుంది. చర్చి, మ్యూజియం, చెరువు గట్టు, ఈ మూడు చూసినా వాళ్లకి రోజు నిండిపోతుంది, పైగదులు మీరొక్కరే త్వరగా చూసి రావచ్చు.

ఉదయం తెరిచే వేళకే చేరుకోండి. చర్చికి ముప్పావు గంట, పైగదులకి గంటన్నర, మధ్యలో భోజనం, మ్యూజియంకి గంట, మిగిలిందంతా తోటకి. అదే రోజు డర్బీషైర్‌లోనే ఉన్న మరో పెద్ద భవనం చాట్స్‌వర్త్ కూడా చూసేద్దామని పెట్టుకోకండి, దగ్గరే అనిపించినా అది ఇంకో పూర్తి రోజు పని. బ్యాంక్ హాలిడే రోజుల్లో పార్కింగ్ త్వరగా నిండుతుంది, జనం ఎక్కువ కాబట్టి వలంటీర్లతో తీరిగ్గా మాట్లాడడం కుదరదు. స్కూళ్లు నడిచే వారంలో మధ్యాహ్నం వేళ అయితే డ్రెస్సు ముందు మీరొక్కరే ఉండొచ్చు. చలికాలం తప్ప వేరే వీలే లేదంటే పార్కు, తోట చూసుకుని, ఇంటికోసం మళ్లీ వసంతంలో ఒక తేదీ పెట్టుకోండి.